గాడీలను కాదు, ఇన్సాన్లను లెక్కపెట్టండి



ఫజర్ నమాజ్ అయిన కాసేపటికి పూతలపట్టు క్రాస్‌లో నిలబడి చూడండి. వేలూరు ఆస్పత్రికి పోయే మరీజ్, చంకలో రిపోర్టుల ఫైలు. చిత్తూరు కాలేజీకి పోయే ఆడపిల్లలు. తిరుపతిలో మెకానిక్ షెడ్డుకో, పండ్ల బండికో, బిల్డింగ్ పనికో పోయే మన నౌజవాన్లు. బురఖా కొంగు బిగించి పట్టుకుని, రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూస్తున్న ఒక నానీ. వీళ్ల ముందు నుంచి కార్లు రివ్వున పోతాయి. ఆ కార్ల కోసం లెక్కలున్నాయి, నక్షాలున్నాయి, కోట్ల బడ్జెట్ ఉంది. ఆ నానీ కోసం ఏముంది? అల్లాహ్ ఉన్నాడు. అంతే.

అల్లాహ్ ఎలాగూ ఉన్నాడు. నా ఝగ్‌డా సర్కారుతో, ఇంజనీర్లతో. వాళ్లకన్నా ఎక్కువ మనతో.

పూతలపట్టు చిన్న ఊరే అయినా రాస్తాల హిసాబ్‌లో పెద్దది. కర్నూలు, కడప, రాయచోటి, పీలేరు మీదుగా వచ్చి చిత్తూరు దాటి రాణిపేట వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి, తిరుపతి వైపు పోయే 140వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే కలుస్తాయి. పాత నంబర్లు 18, 18ఏ అంటే మన బుజుర్గులకు ఇంకా గుర్తే. ఈ దారికి తోడుగా కాట్పాడి, చిత్తూరు, పాకాల, తిరుపతి రైలు మార్గం ఉంది. పూతలపట్టుకు తన పేరుతో ఒక స్టేషన్ కూడా ఉంది. అంటే రోడ్డు, రైలు, బస్సు, ఆటో, కాలినడక అన్నీ ఒకేచోట ఉన్న జాగా ఇది. వీటన్నిటినీ ఒకదానికొకటి కలిపి, మనిషి ఇంటి నుంచి పని దాకా తకలీఫ్ లేకుండా చేరేలా చేయడాన్నే పెద్ద మాటల్లో ‘మల్టీ మోడల్’ అంటారు. మన దగ్గర అన్నీ ఉన్నాయి, కలపడం ఒక్కటే లేదు. రోడ్డు తన దారిన ఆరు వరుసలైంది. రైలు తన దారిన పోతోంది. బస్సు ఎక్కడ ఆగుతుందో డ్రైవర్ దయ. నడిచేవాడు ఎవరి లెక్కలోనూ లేడు.

ఎవరి లెక్కలోనూ లేడన్నది కోపంతో అన్న మాట కాదు. రోడ్డు మీద రద్దీని కొలవడానికి మన దేశంలో ఒక కొలమానం ఉంది. అన్ని రకాల గాడీలనూ కార్లలోకి మార్చి లెక్కకడతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో గ్రామీణ రహదారుల కోసం ఇచ్చిన పట్టిక చూడండి. కారు ఒకటి. ఆటో ఒకటి. మోటర్ సైకిల్ అర. బస్సు, లారీ మూడేసి. ట్రాక్టర్ ట్రాలీ నాలుగున్నర. ఎద్దుల బండి ఎనిమిది. సైకిల్‌కు కూడా అర ఇచ్చారు. నడిచే మనిషికి మాత్రం ఆ పట్టికలో జాగా లేదు. ఎద్దుకు ఉన్న హైసియత్ ఆదమ్ ఔలాద్‌కు లేదు.

ఇంకో తమాషా చూడండి. 50 మంది ఉన్న బస్సు ఈ లెక్కలో మూడు కార్లతో సమానం. అదే 50 మంది ఇద్దరిద్దరుగా కార్లలో వస్తే 25 కార్లు. అంటే బస్సు రోడ్డుకు ఎంత మేలు చేస్తోందో ఆ పట్టికలోనే దాగి ఉంది. కానీ లోపల ఎంతమంది ఉన్నారన్నది లెక్కలోకి రాదు కాబట్టి, రాసేవాళ్ల కళ్లకు బస్సు అంటే మూడు కార్ల జాగా తినే అడ్డంకిలా కనబడుతుంది. గాడీని లెక్కపెడితే జవాబు ఎప్పుడూ ఒకటే: రోడ్డు వెడల్పు చేయండి. ఇన్సాన్‌ను లెక్కపెట్టి చూడండి, జవాబు మారిపోతుంది: బస్సు పెంచండి, రైలు ఆపండి, దాటడానికి దారి ఇవ్వండి.

అంతటితో అయిపోలేదు. రోడ్డు వేస్తే ఎంత ఫాయిదా అని లెక్కవేసేటప్పుడు ఆదా అయ్యే సమయానికి ధర కడతారు. కారులో కూర్చున్నవాడి గంటకు ఒక ధర, బస్సులో కూర్చున్నవాడి గంటకు అంతకన్నా తక్కువ ధర. సంపాదన ఎక్కువ కాబట్టి గంట ఖరీదు ఎక్కువట. బిరాదరాన్, మన మస్‌జిద్‌లో సఫ్ కట్టినప్పుడు జమీందారు పక్కన జీతగాడు భుజం ఆనించి నిలబడతాడు. ఆ సఫ్‌లో ఎవరి గంట ఎక్కువ, ఎవరి గంట తక్కువ? ఆస్పత్రిలో ఓపీ చీటీ కోసం ముందు చేరాల్సిన మరీజ్ గంట, ఫ్యాక్టరీ గేటు మూసేలోపు చేరాల్సిన కూలీ గంట చవకదని ఎవరు ఫత్వా ఇచ్చారు?

వెడల్పు చేస్తే రద్దీ తగ్గుతుందనేవాళ్లకు ఒక ఖబర్. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో కేటీ ఫ్రీవే అని ఒక రహదారి ఉంది. మన తెలుగువాళ్లు అక్కడ వేలల్లో ఉన్నారు, మీ చుట్టాల్లో ఎవరైనా ఉంటే అడగండి. సుమారు 280 కోట్ల డాలర్లు పోసి దాన్ని పెంచారు. 2008 నాటికి సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసలదాకా అయింది. 2011 నుంచి 2014 మధ్యలోనే పొద్దున ప్రయాణ సమయం సుమారు 30 శాతం, సాయంత్రం సుమారు 55 శాతం పెరిగింది. రోడ్డు పెరిగితే కార్లు పెరిగాయి, కార్లు పెరిగితే మళ్లీ జామ్. 1962లోనే ఆంథనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త ఈ సంగతి చెప్పాడు. అంత దౌలత్ ఉన్న దేశం 26 వరుసలతో గెలవలేని లడాయిని మనం ఆరు వరుసలతో గెలుస్తామా?

చిత్తూరు, తిరుపతి మధ్య ఆరు వరుసలు వద్దని నేను అనడం లేదు. అంబులెన్స్ తొందరగా పోతుంది, లారీ డ్రైవర్‌కు డీజిల్ మిగులుతుంది. ఆ లారీ డ్రైవర్లలో మనవాళ్లు చాలామంది. కాణిపాకం పోయే యాత్రికుడికీ, తిరుమల పోయే యాత్రికుడికీ సుఖం. ఎవరి మొక్కు వాళ్లది, ముసాఫిర్ ఎవరైనా ముసాఫిరే. కానీ ఇంత డబ్బు పోసినప్పుడు అందులో పల్లెవాడికి హిస్సా ఎంత అని అడగడం తప్పా? తిరుపతిలో 2023 సెప్టెంబరు 18న శ్రీనివాస సేతు తెరిచారు. సుమారు 7 కిలోమీటర్ల పైవంతెన, దాదాపు 650 కోట్ల రూపాయలు. యాత్రికుల వాహనాలు ఊళ్లో ఇరుక్కోకుండా కొండ దగ్గరికి పోవాలన్నది దాని మక్సద్. మంచిదే. మరి పూతలపట్టు నుంచి, పాకాల నుంచి బస్సు దిగి తిరుపతి వీధుల్లో నడిచి పోయేవాడి కోసం దాంట్లో పదో వంతు డబ్బుతో ఏం చేయొచ్చని మనలో ఎవరైనా అడిగామా? చుట్టూ చూడండి. బెంగళూరు, చెన్నై మధ్య 262 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే మన జిల్లా మీదుగానే వస్తోంది. చిత్తూరు నుంచి చెన్నై దగ్గరి తచ్చూరుకు ఆరు వరుసల రోడ్డు ఇంకొకటి. కారున్నవాడికి రాస్తా మీద రాస్తా. కారు లేనివాడికి ఎండలో నిలబడే ఓర్పు.

ఇప్పుడు అసలు ముద్దాకు వస్తాను. 2025 ఏప్రిల్ 9న కేంద్ర కేబినెట్ తిరుపతి, పాకాల, కాట్పాడి రైలు మార్గాన్ని డబ్లింగ్ చేయడానికి మంజూరు ఇచ్చింది. 104 కిలోమీటర్లు, సుమారు 1,332 కోట్లు. దాదాపు 400 ఊళ్లకు, 14 లక్షల మందికి దీంతో కనెక్టివిటీ పెరుగుతుందని ప్రకటనలో రాశారు. వేలూరు, తిరుపతి వైద్యానికి, చదువుకు కేంద్రాలని కూడా రాశారు. ఏటా 40 లక్షల టన్నుల అదనపు సరుకు పోతుందనీ చెప్పారు. ఇది గతిశక్తి ప్లాన్ కింద మల్టీ మోడల్ పని అనీ చెప్పారు. ముబారక్. ఎందుకంటే సింగిల్ లైన్ మీద ఎదురు రైలు కోసం ఒక రైలు ఏదో ఒక స్టేషన్‌లో పడిగాపులు కాయాల్సిందే. రెండో పట్టా పడితే ఆ బెడద తీరుతుంది.

కానీ ఆ 14 లక్షల్లో మీ ఇల్లుందా? కాగితం మీద ఉంది. రైలు మన ఊరి పక్కనుంచి పోయినంత మాత్రాన మనకు కనెక్టివిటీ రాదు. అది ఆగాలి. ఆగే వేళకు బస్సో ఆటోనో స్టేషన్ దగ్గర ఉండాలి. స్టేషన్‌కు పోయే దారిలో దీపం ఉండాలి. ఇవి లేకుండా డబ్లింగ్ అయితే సరుకు బండ్లు, దూరం పోయే ఎక్స్‌ప్రెస్‌లు ఇంకా వేగంగా మన ముందు నుంచి పోతాయి. హైవే మీద కార్లను చూసినట్టే పట్టాల మీద రైళ్లను చూస్తూ నిలబడతాం.

నేను లేనిపోని షక్ పెట్టుకున్నానంటారా? కోవిడ్ కాలం గుర్తు తెచ్చుకోండి. దేశమంతా పాసింజర్ రైళ్లను ఆపి, తర్వాత ఎక్స్‌ప్రెస్ పేరు పెట్టి నడిపారు. కనీస టికెట్ 10 రూపాయలది 30 అయింది. మళ్లీ 10కి తేవడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. ఆ 20 రూపాయల తేడా మీకు చిన్నది కావచ్చు. రోజూ పోయివచ్చే కూలీకి అది పిల్లల పాలు.

హైదరాబాద్ మిసాల్ కూడా చూడండి. అక్కడ ఎంఎంటీఎస్ అని ఒక రైలు ఉంది. దాని పేరే మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్. 2003 ఆగస్టులో మొదలైంది. ఫలక్‌నుమా నుంచి సికింద్రాబాద్, లింగంపల్లి దాకా. టికెట్ చవక, గరీబ్ జనానికి నిజమైన సహారా. అయినా ఎందుకు ఊరించి ఉసూరుమనిపించింది? ఉన్న పట్టాలనే దూరపు రైళ్లతో, గూడ్సులతో పంచుకోవాలి కాబట్టి ఒక రైలు పోతే ఇంకో రైలు ఎప్పుడో భరోసా లేదు. స్టేషన్ బయటికి వస్తే బస్సు ఎక్కడో వెతుక్కోవాలి. పేరులో మల్టీ మోడల్ ఉంది, పనిలో సగమే ఉంది. మెట్రో సంగతీ అంతే. 2017 నవంబరు 29న హైదరాబాద్ మెట్రో పరుగు మొదలుపెట్టింది. మొదటి ప్లాన్‌లోనే ఉన్న ఎంజీబీఎస్, ఫలక్‌నుమా ముక్క మాత్రం మిగిలిపోయింది. పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన 2024 మార్చి 8న. నక్షాలో గీత ఉన్నా, అడిగేవాడు గట్టిగా అడగకపోతే అది గీతగానే మిగులుతుంది. పాతబస్తీ అంత పెద్ద బస్తీకే ఆ హాల్ అయితే, పూతలపట్టు మాట ఎవరు వింటారు?

ఇక్కడే మన కౌమ్‌తో నా ఝగ్‌డా. మన జమాత్ పెద్దలు ఎమ్మెల్యే దగ్గరికి, కలెక్టర్ దగ్గరికి అర్జీలు పట్టుకుని పోతారు. అర్జీలో ఏముంటుంది? షాదీఖానా. ఖబరస్తాన్ గోడ. ఈద్గా చదును. ఇవి అక్కర్లేదని కాదు. కానీ ఖబరస్తాన్ గోడ అడిగినవాళ్లం, మన పిల్లలు వయసు రాకుండానే అక్కడికి చేరకుండా చేసే ఫుట్‌బ్రిడ్జి ఎందుకు అడగలేదు? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నడిచేవాళ్లు 32,825 మంది. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం చిల్లరే. చావుల్లో వాటి వాటా 36 శాతం. ఇవి సర్కారు తానే అచ్చు వేసిన లెక్కలు. మన జిల్లాలోనే 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్న రోజు మరిచిపోయారా? ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మనం ఇన్నాలిల్లాహ్ అంటాం, చందా వేస్తాం, జనాజా మోస్తాం, ‘తకదీర్ భాయ్’ అని ఇంటికి పోతాం.

తకదీర్ మీద నాకూ ఈమాన్ ఉంది. కానీ ఒంటెను కట్టేయకుండా తవక్కుల్ చేస్తానన్న మనిషికి, ముందు కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన సంగతి మన మక్తబ్ పిల్లలకు కూడా తెలుసు. రాస్తా మీద నుంచి ఈజా ఇచ్చే వస్తువును తీసేయడం ఈమాన్ శాఖల్లో ఒకటని విన్నాం. రాస్తాకు కూడా హఖ్ ఉందని, దాని మీద ఎవరికీ తకలీఫ్ కలగనీయకపోవడం ఆ హఖ్‌లో భాగమని విన్నాం. జకాత్ ఎనిమిది హిస్సాల్లో ఒకటి ముసాఫిర్‌దని చదువుకున్నాం. ఎక్కడో ఇరాక్‌లో ఒక జానవర్ రాస్తా బాగాలేక తడబడితే, రాస్తా ఎందుకు చదును చేయలేదని తననే అల్లాహ్ అడుగుతాడని హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు భయపడ్డారని ప్రతి రెండో బయాన్‌లో చెబుతారు. విని సుభానల్లాహ్ అంటాం. బయటికి వచ్చి హైవే మధ్య డివైడర్ దూకి ఇంటికి పోతాం. ఆ వాఖియా మనం విని ఆనందించడానికి చెప్పారా, అడగడం నేర్చుకోడానికి చెప్పారా?

‘ప్రమాదాలకు ఆటోవాళ్లే కారణం, వాళ్లను హైవే ఎక్కనీయకూడదు’ అనేవాళ్లు కూడా ఉన్నారు. రాంగ్ రూట్‌లో పోయే ఆటో తప్పే, ఆ డ్రైవర్ మా తమ్ముడైనా తప్పే. కానీ సర్వీసు రోడ్డు మధ్యలో తెగిపోయినచోట, యూటర్న్ చాలా దూరాన ఉన్నచోట అతన్ని ఏ గాల్లో పొమ్మంటారు? జూన్, జూలైలో తోతాపురి కాయలు నింపుకుని గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. రైతు సరదాకు రోడ్డు పక్కన నిలబడ్డాడా? నిలబడే జాగా ప్లాన్‌లో లేదు కాబట్టి నిలబడ్డాడు. జాగా ఇవ్వకుండా జుర్మానా వేయడం ఇన్సాఫ్ కాదు.

మరి ఏం అడగాలి? డబ్లింగ్ పని ముందుకు సాగుతున్న ఈ వేళే అడగాలి. కాంక్రీటు గట్టిపడ్డాక అడిగితే ‘ప్లాన్‌లో లేదు’ అంటారు.

ఒకటి, ఈ దారిలో ఏ పని చేసినా ముందు మనుషుల్ని లెక్కపెట్టాలి. ఎంతమంది నడుస్తున్నారు, ఎంతమంది దాటుతున్నారు, బస్సులో ఎంతమంది, ఆటోలో ఎంతమంది, వాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది.

రెండు, రెండో పట్టా పడ్డాక తిరుపతి, పాకాల, పూతలపట్టు, చిత్తూరు, కాట్పాడి మధ్య పొద్దున, సాయంత్రం గంటకొకటైనా పాసింజర్ రైలు నడపాలి. చిన్న స్టేషన్లలో ఆగాలి. సరుకు బండి కోసం దాన్ని పక్కకు తోయకూడదు.

మూడు, రైలు వేళకు బస్సు వేళ కలపాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మన అమ్మీలకు, బహెన్‌లకు ఇది పెద్ద నేమత్. కానీ ఫ్రీ బస్సు ఊళ్లోకి రాకుండా పైనుంచి పోతే, దాన్ని పట్టుకోడానికి ఆరు వరుసలు దాటాల్సి వస్తే, టికెట్ డబ్బు మిగిలినా జాన్ ఖత్రాలో పడుతుంది. సర్వీసు రోడ్డు మీద నీడ, కూర్చునే బల్ల, దీపం ఉన్న బస్‌స్టాప్ కావాలి.

నాలుగు, ప్రతి ఊరి దగ్గర కింది దారో ఫుట్‌బ్రిడ్జో ఉండాలి. ముసలివాళ్లు ఎక్కగలిగేలా, వీల్‌చైర్ పోయేలా, రాత్రిపూట ఆడపిల్ల భయపడకుండా వెలుతురు ఉండేలా. ఆటోలకు, ట్రాక్టర్లకు తెగిపోని సర్వీసు రోడ్డు.

ఇవి ముసల్మానుల కోసం అడిగే రియాయత్‌లు కావు. పూతలపట్టు ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గం. ఆ బస్‌స్టాప్‌లో మన ఖాలా పక్కన నిలబడేది మాల, మాదిగ వాడల అక్క, మామిడి తోట కూలీ, కాణిపాకం పోయే ముసలి జేజి. వాళ్లను కలుపుకుని అడిగితే అది పూరా ఇలాఖా మాట అవుతుంది. మనం ఒక్కరమే టోపీలు పెట్టుకుని పోతే ‘మీ షాదీఖానా సంగతి చూస్తాంలే’ అని పంపించేస్తారు.

లెక్కపెట్టడానికి సర్కారు వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. మన పిల్లలు రోజంతా ఫోన్లో రీల్స్ లెక్కపెడుతూనే ఉన్నారు. ఒక్క వారం, పొద్దున ఫజర్ నుంచి తొమ్మిది దాకా నలుగురు పిల్లలు క్రాస్‌లో నిలబడండి. ఇద్దరు రోడ్డు దాటేవాళ్లను లెక్కపెట్టండి, ఇద్దరు బస్సుకు ఎక్కేవాళ్లను, ఎంతసేపు నిలబడ్డారో రాయండి. సాయంత్రం అసర్ నుంచి ఇషా దాకా ఇంకో నలుగురు. ఆ కాగితం గ్రామసభలో పెట్టి తీర్మానం అడగండి. నకలు కలెక్టర్‌కు, ఎంపీకి, రైల్వే డివిజన్‌కు, హైవే అధికారులకు పంపండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. డీపీఆర్‌లో పూతలపట్టు స్టేషన్‌కు ఏం రాశారో, మనుషులు దాటే చోట్లు ఎన్ని పెట్టారో అడగండి. అడిగే హక్కుకు పది రూపాయల ఫీజు.

వచ్చే జుమ్మా నమాజ్ తర్వాత చందా డబ్బా పక్కన ఒక నోటుబుక్, ఒక పెన్ను పెట్టండి. లెక్కపెట్టడానికి వచ్చే పిల్లల పేర్లు రాయించండి. మొదటి రోజు మొదటి గీత, ఆ క్రాస్‌లో కొంగు బిగించుకుని నిలబడ్డ నానీ పేరిట గీయండి. ఆమె కూడా ఒకటి. పూరా ఒకటి.

అల్లాహ్ మన ముసాఫిర్లందర్నీ సలామత్‌గా ఇంటికి చేర్చుగాక. ఆమీన్.